చెక్క ఇంటి గోడకి ప్లాస్టిక్ వేయించాలా, ఊపిరి ఆడేలా వదిలేయాలా? వెంటిలేషన్ మిషన్ (ఈఆర్‌వీ) లేకుండా కుదురుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మిన్నియాపాలిస్ శివారులో 2800 చదరపు అడుగుల రెండంతస్తుల ఇల్లు కట్టిస్తున్నారు. నాలుగు పడకగదులు, కింద బేస్‌మెంట్. 2 బై 6 స్టడ్స్ (నిలువు చెక్కలు) నిలబెట్టి బయట ఓఎస్‌బీ (చెక్క ముక్కలు అతికించి చేసిన పలక) కొట్టేశారు. కిటికీలు వచ్చే వారం వస్తాయి, ఆ తర్వాత ఇన్సులేషన్. బిల్డర్ లోపలి వైపు 6 మిల్ ప్లాస్టిక్ షీట్ కొట్టి దాని మీద డ్రైవాల్ (జిప్సం పలక) వేస్తానంటున్నారు. జర్మనీలో ఉంటున్న మీ బావగారేమో "ప్లాస్టిక్ కడితే గోడకి ఊపిరాడదు, చెక్క కుళ్ళిపోతుంది. ఆవిరిని పోనిచ్చే గోడ కట్టించుకో, అప్పుడు వెంటిలేషన్ మిషన్ కూడా దండగే" అన్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్ పడుతున్నారు.

ముందు సూటిగా సమాధానం చెప్పేస్తాను. ప్లాస్టిక్ వేయించకండి. దాని బదులు స్మార్ట్ మెంబ్రేన్, అంటే తేమని బట్టి మూసుకునే, తెరుచుకునే పొర, వేయించండి. గాలి దూరే సందులన్నీ మూయించండి. ఈఆర్‌వీ మాత్రం తప్పకుండా పెట్టించండి. ఇంకో పది పన్నెండు వేల డాలర్లు పెట్టగలిగితే ఓఎస్‌బీ బయట మూడు అంగుళాల రాక్‌వూల్ (రాతి ఉన్ని ఇన్సులేషన్) పలకలు కొట్టించండి. అంటే గోడ విషయంలో బావగారి మాట సగం వినండి, మిషన్ విషయంలో అస్సలు వినకండి.

నేను పంతొమ్మిదేళ్ళుగా ఈ ఊళ్లోనే తడిసిన గోడలు తెరిచి, నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో వెతికే పని చేస్తున్నాను. కింద రాసేది ఆ పనిలో చూసింది.

"గోడ ఊపిరి పీల్చడం" అనే మాట దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఈ మాట ఇవాళ్టిది కాదు. 1858లో మ్యూనిక్‌లో పెట్టెన్‌కోఫర్ అనే ఆయన గదిలో గాలి ఎంత మారుతుందో కొలిచి, ఇటుక గోడ గుండా కూడా గాలి వచ్చిపోతుందని రాశారు. గదిలో కార్బన్ డయాక్సైడ్ వెయ్యి పీపీఎం దాటితే గాలి చెడిందని లెక్క అనే మాట కూడా ఆయనదే, దాన్ని ఇప్పటికీ వాడుతున్నాం. గోడ సంగతి మాత్రం నిలబడలేదు. తర్వాత జాగ్రత్తగా కొలిస్తే, పూత వేసిన గోడ గుండా పోయే గాలి లెక్కలోకి రానంత తక్కువని తేలింది. అయినా ఆ మాట అతుక్కుపోయింది.

మనకీ అది సులువుగా నచ్చుతుంది, ఎందుకంటే మట్టి గోడల ఇళ్ళు మనం చూశాం. మా అమ్మమ్మ గారి ఇల్లు కోనసీమలో. మట్టి గోడలు, వాటి మీద సున్నం, పైన పెంకుల కప్పు. వానాకాలంలో గోడ అడుగున జానెడు మేర నల్లగా చెమ్మ ఎక్కేది, సంక్రాంతి నాటికి మళ్ళీ తెల్లబడేది. ఆ గోడ తడిసేది, ఆరేది, అందుకే నిలబడింది. ఇంట్లో మనుషులకి గాలి వచ్చింది మాత్రం పెంకుల సందుల్లోంచి, ఎప్పుడూ తెరిచి ఉండే తలుపుల్లోంచి. గోడ ఆరడం వేరు, మనిషికి గాలి అందడం వేరు. మీ ఇంట్లో ఈ రెండు పనులూ రెండు వేర్వేరు ఏర్పాట్లు చేయాలి.

మీ బావగారు చెప్పింది జర్మనీలో తప్పు కాదు. అక్కడ చెక్క ఇంటి గోడలో ఓఎస్‌బీ చాలావరకు లోపలి వైపు, అంటే వెచ్చని వైపు ఉంటుంది. దాని అతుకులకి టేపు వేసి అదే గాలి అడ్డుగా వాడతారు. బయటి వైపు చెక్క పీచు పలక ఉంటుంది, దాని గుండా ఆవిరి హాయిగా పోతుంది. బ్రిటన్‌లో వడ్రంగులు ఇదే సంగతిని ఒక లెక్కగా చెప్తారు: లోపలి పొర కంటే బయటి పొర ఆవిరిని ఐదు రెట్లు ఎక్కువ పోనివ్వాలి. అమెరికాలో మనం అదే ఓఎస్‌బీని బయట, చలి వైపు కొడతాం. ఆవిరి ఎంత పోతుందో పెర్మ్‌లలో కొలుస్తారు, అంకె ఎంత చిన్నదైతే అంత గట్టి అడ్డు. ఓఎస్‌బీ పొడిగా ఉన్నప్పుడు సుమారు 1 పెర్మ్, అంటే ఆవిరి దాని గుండా కష్టం మీద పోతుంది. అక్కడి గోడని ఇక్కడ సగం ఎత్తి తెచ్చుకుంటే పొరల వరుస తిరగబడుతుంది. లోపల ఏమీ వేయకుండా "ఊపిరి ఆడనీ" అని వదిలేస్తే, జనవరిలో ఇంట్లో ఆవిరి తిన్నగా వెళ్ళి గడ్డకట్టే చలిలో ఉన్న ఓఎస్‌బీ లోపలి వైపు మంచుగా పేరుకుంటుంది.

ఎందుకో ఒక లెక్క చూడండి. ఇంట్లో 70 డిగ్రీల ఫారెన్‌హీట్, తేమ 40 శాతం ఉంటే డ్యూ పాయింట్ దాదాపు 45 డిగ్రీలు. అంటే 45 కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా ఆ గాలి చెమ్మ వదులుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టే. ఇక్కడ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా బయట సగటు 20 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. మీ స్టడ్స్ మధ్య ఎంత మంచి ఇన్సులేషన్ పెడితే ఓఎస్‌బీకి ఇంటి వేడి అంత తక్కువ అందుతుంది, అది 22, 23 దగ్గరే ఉండిపోతుంది. పాతకాలపు ఇన్సులేషన్ లేని ఇళ్ళలో వేడి బయటికి కారిపోతూ గోడని ఆరబెట్టేది. ఇన్సులేషన్ వచ్చాక ఆ ఆరడం ఆగింది. 1930లలో ఇన్సులేషన్ పెట్టిన ఇళ్ళకి బయట రంగు పొరలు పొరలుగా ఊడిపోతుంటే, మన యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటాలోనే రౌలీ అనే ప్రొఫెసర్ దాని మీద పని చేసి, వెచ్చని వైపు ఆవిరికి అడ్డు పెట్టాలని చెప్పారు. మీ బిల్డర్ వేస్తానంటున్న ప్లాస్టిక్ వెనక ఆ చరిత్ర ఉంది. ఆయన చెడు ఉద్దేశంతో చెప్పట్లేదు, వేల ఇళ్ళు ఇక్కడ ప్లాస్టిక్‌తో బాగానే నిలబడి ఉన్నాయి కూడా.

మరి వద్దని ఎందుకంటున్నాను? గోడలోకి నీళ్ళు వచ్చే దారులు మూడు. వాటిలో ప్లాస్టిక్ బాగా ఆపేది మూడోదాన్ని, అంటే అన్నిటికంటే చిన్నదాన్ని.

మొదటి దారి వాన. నేను తెరిచిన కుళ్ళిన గోడల్లో ఎక్కువ భాగం ఇదే. కిటికీ కింది మూల, పైకప్పు అంచు గోడని కలిసే చోటు, డెక్ గోడకి బోల్టు కొట్టిన చోటు, ఈ మూడే మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. మీకు దగ్గర్లోనే ఉన్న వుడ్‌బరీ నగరం వాళ్ళు స్టకో (బయట సిమెంట్ పూత వేసిన) ఇళ్ళ మీద ప్రత్యేకంగా నివేదికే రాయాల్సి వచ్చింది. కట్టి పదేళ్ళు తిరగకుండానే కిటికీల కింద షీతింగ్ (స్టడ్స్ బయట కొట్టే ఓఎస్‌బీ లాంటి పలక) నల్లబడి కుళ్ళిన ఇళ్ళు అక్కడ అన్ని బయటపడ్డాయి. పైకప్పు నీళ్ళని గోడ మీద నుంచి గట్టర్‌లోకి తిప్పే చిన్న రేకు ముక్క, కిక్‌అవుట్ ఫ్లాషింగ్ అంటారు, అది లేకపోవడం వల్ల పోయిన గోడలు నేనే చాలా చూశాను. గోడ పొరల గురించి ఎంత ఆలోచించినా ఆ రేకు ముక్క లేకపోతే అంతా వృథా. కిటికీలు వచ్చే వారం పెడుతున్నారు కదా, ఆ రోజు మీరు సెలవు పెట్టి అక్కడ ఉండండి. కిటికీ గుమ్మం అడుగున బయటికి వాలుగా ఫ్లాషింగ్ టేపు (నీళ్ళు దూరకుండా అంటించేది) వేశారా, కిటికీ కింది అంచుని సీలెంట్‌తో మూసేయకుండా వదిలారా, పైన హౌస్ ర్యాప్ (ఓఎస్‌బీ మీద చుట్టే వాన పొర) కిటికీ అంచు మీదికి కప్పుకుని వచ్చిందా, చూడండి. పై పొర ఎప్పుడూ కింది పొర మీదికి రావాలి. పెంకులు ఎలా పరుస్తారో అలా.

రెండో దారి గాలి. దీన్ని అందరూ తక్కువ అంచనా వేస్తారు. బిల్డింగ్ సైన్స్ వాళ్ళు పాఠాల్లో ఎప్పుడూ చెప్పే పోలిక ఒకటుంది: 4 బై 8 డ్రైవాల్ షీటు గుండా ఒక చలికాలమంతా ఆవిరి రూపంలో పోయే నీళ్ళు సుమారు పావు లీటరు పైచిలుకు. అదే షీటులో ఒక చదరపు అంగుళం రంధ్రం ఉంటే, దానిలోంచి గాలితో పాటు పోయేవి 28 లీటర్లకి పైనే.

నాలుగేళ్ళ క్రితం ఒక జనవరిలో చూసిన గోడ చెప్తాను. ప్లాస్టిక్ వేసిన గోడే, ఇల్లు కట్టి ఆరేళ్ళు. పై అంతస్తు బాత్రూమ్ పక్క గదిలో, స్విచ్ దగ్గర డ్రైవాల్ మీద పసుపు మరక. బయట సున్నాకి దిగువన ఉంది. డ్రైవాల్ కోసి, బ్యాట్ (స్టడ్స్ మధ్య పెట్టే ఇన్సులేషన్ పట్టీ) పక్కకి లాగితే, స్విచ్ డబ్బాకి సరిగ్గా పైన ఓఎస్‌బీ మీద పళ్ళెం అంత వెడల్పున మంచు. ఫ్రీజర్ గోడకి పేరుకున్నట్టు, సూదులు సూదులుగా. వేలితో గీస్తే దాని కింద చెక్క ముక్కలు నల్లగా, మెత్తగా ఉన్నాయి. ఆ పళ్ళేనికి అడుగు దూరంలో అదే షీటు ఎండు కర్రలా ఉంది, తేమ మీటర్ 11 శాతం చూపించింది. ఆవిరి ప్లాస్టిక్ గుండా నెమ్మదిగా చేరి ఉంటే గోడంతా ఒకేలా తడవాలి కదా. తడిసింది ఆ ఒక్క చోటే. స్విచ్ డబ్బా చుట్టూ ప్లాస్టిక్‌ని కత్తితో కోసి అలాగే వదిలేశారు, వైరు వచ్చే రంధ్రం తెరిచే ఉంది. గోడంతా పరిచిన ప్లాస్టిక్ అక్కడ దేనికీ పనికిరాలేదు.

మూడో దారి, ఆవిరి తనంతట తాను పొరల గుండా పోవడం. ఇది ఉంది, కానీ నెమ్మది. దీని కోసం మరీ గట్టి అడ్డు అక్కర్లేదు, ఒక మోస్తరు అడ్డు చాలు. బిల్డింగ్ కోడ్ కూడా అదే అంటుంది. 0.1 పెర్మ్ లోపు ఉంటే క్లాస్ 1, అక్కడి నుంచి 1 దాకా క్లాస్ 2, 1 నుంచి 10 దాకా క్లాస్ 3. ప్లాస్టిక్ 0.06 పెర్మ్, క్లాస్ 1. మన ట్విన్ సిటీస్ ఉన్న 6వ వాతావరణ జోన్‌లో క్లాస్ 1 గానీ క్లాస్ 2 గానీ ఉండాలంటుంది ఐఆర్‌సీ, అంటే ఇళ్ళ నిర్మాణానికి అమెరికాలో వాడే మూల కోడ్. స్మార్ట్ మెంబ్రేన్ క్లాస్ 2 కిందికి వస్తుంది. క్రాఫ్ట్ కాగితం అతికించిన బ్యాట్ కూడా అంతే. మీ ఇన్‌స్పెక్టర్ని ముందే అడిగి, మెంబ్రేన్ డేటా షీటు చూపించి ఒప్పించుకోండి. ఇన్‌స్పెక్షన్ రోజు వాదన పెట్టుకుంటే పని ఆగుతుంది.

ఇక ప్లాస్టిక్ చేసే నష్టం వేసవిలో కనిపిస్తుంది. జూలైలో ఇక్కడ బయట డ్యూ పాయింట్ 70 దాటే రోజులు ఉంటాయని మీకూ తెలుసు, ఉక్కపోత మన గోదావరి జిల్లాలు గుర్తుకొచ్చేంత ఉంటుంది. లోపల ఏసీ వేసి 72లో ఉంచుతారు, బేస్‌మెంట్ అంతకంటే చల్లగా ఉంటుంది. ఇప్పుడు ఆవిరి బయట నుంచి లోపలికి నడుస్తుంది. వానకి తడిసిన ఇటుక మీదో రాయి మీదో ఎండ కొడితే ఇంకా బలంగా తోస్తుంది. అది వచ్చి ప్లాస్టిక్ వెనక ఆగి నీరవుతుంది. ఒక ఇంట్లో ఆగస్టులో బేస్‌మెంట్ గోడ తెరిచినప్పుడు, ప్లాస్టిక్ వెనక వైపు నిండా నీటి బొట్లు, వేలితో తాకితే గీతలు గీతలుగా జారాయి. అడుగున చెక్క పట్టీ మీద నీళ్ళు నిలిచాయి. ఇంటివాళ్ళు పునాది లీకవుతోందని బయట తవ్వించడానికి కొటేషన్లు కూడా తీసుకున్నారు. పునాది పొడిగానే ఉంది.

స్మార్ట్ మెంబ్రేన్ చేసేది ఇక్కడే. చలికాలంలో చుట్టూ పొడిగా ఉన్నప్పుడు అది 1 పెర్మ్ లోపు ఉండి ఆవిరిని ఆపుతుంది. గోడ లోపల తేమ పెరిగితే 10 పెర్మ్‌లు దాటి తెరుచుకుంటుంది, గోడ ఇంట్లోకి ఆరుతుంది. సర్టెన్‌టీడ్ వాళ్ళ మెంబ్రైన్, ప్రో క్లైమా వాళ్ళ ఇంటెల్లో, రెండూ నేను పని చేసిన ఇళ్ళలో వాడినవే. మొదటిది చవక, రెండోది గట్టిది, అతుకుల టేపు వ్యవస్థ బాగుంటుంది. ఏదైనా సరే స్టేపుల్ చేసి వదిలేస్తే లాభం లేదు. అతుకులకి టేపు, అడుగు పట్టీకి, పై పట్టీకి సీలెంట్, స్విచ్ డబ్బాల చుట్టూ రబ్బరు అంచు. అప్పుడే అది గాలిని కూడా ఆపుతుంది.

బయట రాక్‌వూల్ మాట ఎందుకన్నానంటే, అది ఓఎస్‌బీకి దుప్పటి. మూడు అంగుళాల పలక అంటే ఆర్ 12 (ఆర్ అంటే వేడిని ఎంత ఆపుతుందో చెప్పే కొలత). ఇందాకటి లెక్కే మళ్ళీ వేస్తే, బయట సగటు 20 ఉన్నప్పుడు ఓఎస్‌బీ 38 దాకా వెచ్చబడుతుంది. ఇంట్లో తేమ 30 శాతం దగ్గర ఉంచితే డ్యూ పాయింట్ 37. మంచు పేరుకునే అవసరమే చాలావరకు పోతుంది. పైగా రాక్‌వూల్ ఆవిరిని పోనిస్తుంది కాబట్టి గోడ బయటికీ ఆరుతుంది. 6వ జోన్‌లో 2 బై 6 గోడకి బయట ఆర్ 11.25 ఉంటే లోపల మామూలు లేటెక్స్ పెయింట్ చాలని కోడే చెప్తుంది. ఖర్చు, కిటికీల లోతు పెరగడం, పొడవాటి స్క్రూలు, అలవాటు లేని సైడింగ్ (గోడ బయటి తొడుగు) పనివాళ్ళు, ఇవి దీనితో వచ్చే ఇబ్బందులు. కిటికీలు పెట్టకముందే తేల్చుకోవాలి, పెట్టాక అడిగితే బిల్డర్ రెండింతలు అడుగుతారు.

ఒక్క ప్రమాదం మాత్రం గట్టిగా చెప్తున్నాను. రాక్‌వూల్ ఖరీదని బయట రేకు అంటించిన ఫోమ్ బోర్డు పెట్టి, లోపల ప్లాస్టిక్ కూడా ఉంచకండి. రెండు వైపులా మూత పెట్టిన గిన్నె అది. ఒకసారి కిటికీ మూల నుంచి లీటరు నీళ్ళు దూరితే ఏ వైపుకీ ఆరవు. బిల్డర్ "అదనపు జాగ్రత్త" అని రెండూ ఇస్తానంటారు, మొహమాటపడకుండా వద్దనండి.

ఇది చదివే డల్లాస్, హ్యూస్టన్ వాళ్ళు ఉంటే, మీ దగ్గర ఈ లెక్క తలకిందులు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఏసీ నడుస్తుంది, ఆవిరి బయట నుంచి లోపలికి వస్తుంది. లోపల ప్లాస్టిక్ గానీ వినైల్ వాల్‌పేపర్ గానీ అసలు పెట్టకండి.

ఇప్పుడు వెంటిలేషన్. "గోడ ఆవిరిని పోనిస్తుంది కాబట్టి మిషన్ అక్కర్లేదు" అనేది ఎంతవరకు నిజమో నేను లెక్క వేసి చూశాను. మీ ఇంటి బయటి గోడలు 2000 చదరపు అడుగులు, అన్నీ 1 పెర్మ్ అనుకుందాం. చలికాలపు సగటు రోజున లోపలి నుంచి బయటికి పోయే ఆవిరి రోజుకి 0.6 లీటరు చుట్టుపక్కల. నలుగురున్న ఇంట్లో వంట, స్నానాలు, బట్టలు, ఊపిరి అన్నీ కలిపి రోజుకి పది లీటర్ల దాకా నీటిని గాలిలో కలుపుతాం. మిగతా తొమ్మిది లీటర్లు ఎక్కడికి పోవాలి? వంట వాసన, పడకగదిలో రాత్రంతా పెరిగే కార్బన్ డయాక్సైడ్, కొత్త ఫర్నిచర్ వాసనలు గోడ గుండా ఆ మాత్రం కూడా పోవు. జర్మనీలో కూడా కొత్త ఇంటికి వెంటిలేషన్ ప్రణాళిక రాసి చూపించాలని డీఐఎన్ 1946-6 అనే ప్రమాణం ఉంది. అక్కడివాళ్ళు రోజుకి రెండు మూడు సార్లు కిటికీలన్నీ బార్లా తెరిచి గాలి మార్చడం ఇంటి పనిలా చేస్తారు. సున్నాకి పది డిగ్రీల దిగువన ఉన్న రోజున మీరు ఆ పని చేస్తారా? ఎవరూ చేయరు.

పాత ఇళ్ళకి సందులే వెంటిలేషన్. మీ ఇంటికి సందులు మూయమంటున్నాను కాబట్టి గాలి వచ్చే దారి మనమే పెట్టాలి. 1977లో కెనడాలోని రెజీనాలో సస్కాచెవాన్ కన్సర్వేషన్ హౌస్ కట్టినప్పుడే ఈ సంగతి తేల్చుకున్నారు. ఇంటిని గట్టిగా మూసి, పోయే గాలి వేడిని వచ్చే గాలికి అందించే పరికరం పెట్టారు. ఇప్పుడు మనం కొనే హెచ్‌ఆర్‌వీలు ఆ వంశంవే.

ఎంత గాలి కావాలి? ఆష్రే 62.2 అనే వెంటిలేషన్ ప్రమాణం లెక్క సులువు. చదరపు అడుగులని 0.03తో గుణించండి, పడకగదుల సంఖ్యకి ఒకటి కలిపి 7.5తో గుణించండి, రెండూ కూడండి. మీకు 84, 37.5 కలిపి దాదాపు 120 సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి అన్ని ఘనపు అడుగుల గాలి. 200 సీఎఫ్‌ఎం సామర్థ్యం ఉన్న మిషన్ తీసుకుని నెమ్మదిగా నడపండి, చప్పుడు ఉండదు. చప్పుడు ఉంటే కట్టేస్తారు, కట్టేసిన మిషన్ ఉన్నా లేనట్టే.

హెచ్‌ఆర్‌వీనా ఈఆర్‌వీనా అని అందరూ అడుగుతారు. మొదటిది వేడిని మాత్రమే తిరిగిస్తుంది, రెండోది తేమని కూడా కొంత తిరిగిస్తుంది. 2800 అడుగుల్లో నలుగురే ఉంటే చలికాలంలో ఇల్లు ఎండిపోతుంది, పిల్లలకి ముక్కులోంచి రక్తం వస్తుంది, ఈఆర్‌వీ నయం. వేసవిలో కూడా బయటి ఉక్కని కొంత ఆపుతుంది. చిన్న ఇంట్లో ఆరేడుగురు ఉండి, రోజంతా వంట నడిచేచోట హెచ్‌ఆర్‌వీ బాగా ఆరబెడుతుంది. మీకు నేను ఈఆర్‌వీయే చెప్తాను, డీఫ్రాస్ట్ (లోపల పేరుకున్న మంచుని కరిగించే ఏర్పాటు) ఉన్నది చూసి తీసుకోండి. అత్తమామలో అమ్మానాన్నలో ఆరు నెలలకి వచ్చినప్పుడు స్పీడు పెంచండి.

ఆ సందర్భం ఒకటి గుర్తుంది. మన తెలుగువాళ్ళ ఇల్లే, పెద్దవాళ్ళు అక్టోబరులో వచ్చారు. జనవరికి ప్రతి కిటికీ అడుగున తువ్వాలు పరిచి ఉంది, పొద్దున్నే పిండి బకెట్లో పోస్తున్నారు. గట్టు చివర్లు నల్లబడ్డాయి. మీటర్ 52 శాతం చూపించింది. హెచ్‌ఆర్‌వీ ఉంది, స్విచ్ ఆఫ్. "చల్లగాలి వస్తోంది నాయనా, మోకాళ్ళు పట్టేస్తున్నాయి" అన్నారు పెద్దావిడ. ఆవిడ చెప్పింది నిజం. గాలి వచ్చే గ్రిల్ ఆవిడ కుర్చీకి సరిగ్గా పైన పెట్టారు. ఇక బయటికి వెళ్ళి గాలి లోపలికి పీల్చే మూతి చూస్తే, జాలీ నిండా జూన్‌లో ఎగిరే కాటన్‌వుడ్ దూది. దుప్పటి ముక్కలా ఒక్క పొరగా ఊడి వచ్చింది. అది అలా మూసుకుపోయి ఉంటే, మిషన్ వేసినా గాలిని బయటికి తోస్తుంది గానీ లోపలికి సరిగ్గా తెచ్చుకోలేదు. జాలీ శుభ్రం చేసి, గ్రిల్‌ని గది మూల పైకప్పుకి మార్పించి, మిషన్ వేశాం. వారం తర్వాత ఫోన్ చేస్తే తేమ 34కి దిగింది, తువ్వాళ్ళు తీసేశారు.

అందుకని మీ ప్లాన్‌లో ఇవి అడగండి. మంచి గాలి పడకగదుల్లోకి రావాలి, మనుషులు కూర్చునే, పడుకునే చోటు మీద పడకూడదు. చెడు గాలి బాత్రూమ్‌ల నుంచి పోవాలి. బయటి మూతి నేల నుంచి చేతికందే ఎత్తులో ఉండాలి, మంచు కుప్పలో కూరుకుపోకూడదు, డ్రయ్యర్ గొట్టానికి, గరాజ్‌కి కనీసం పది అడుగుల దూరం ఉండాలి. జూలై మొదట్లో ఒకసారి, చలి మొదలవకముందు ఒకసారి జాలీ, ఫిల్టర్ చూసుకోండి. ఇంట్లో తేమ ఎంత ఉండాలనేది బయటి చలిని బట్టి మారుతుంది: బయట 20 నుంచి 40 డిగ్రీలుంటే 40 శాతం, సున్నా నుంచి పది మధ్య ఉంటే 30, సున్నాకి పది దిగువకి పోతే 20. పదిహేను డాలర్ల మీటర్ ఒకటి వంటింట్లో, ఒకటి పడకగదిలో పెట్టుకోండి.

వంటిల్లు వేరే కథ. మన తాలింపు పొగని ఈఆర్‌వీ గొట్టంలోకి ఎప్పుడూ పంపకండి, నూనె జిడ్డు దాని కోర్‌ని (వేడి, తేమ మార్చే లోపలి భాగాన్ని) పాడు చేస్తుంది. పొయ్యి మీద హుడ్ గాలిని బయటికే వదలాలి. మైక్రోవేవ్ కింద ఉండి గాలిని తిరిగి మన ముఖం మీదికే ఊదేది పనికిరాదు. మనవాళ్ళు ఇప్పుడు స్పైస్ కిచెన్ అని విడిగా చిన్న వంటగది కట్టించుకుని అక్కడ 900, 1200 సీఎఫ్‌ఎం హుడ్‌లు పెట్టిస్తున్నారు. 400 సీఎఫ్‌ఎం దాటితే బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు కూడా పెట్టాలని ఐఆర్‌సీ అంటుంది. అది ఊరికే పెట్టిన నియమం కాదు. గట్టిగా మూసిన ఇంట్లో అంత గాలి లాగితే, గ్యాస్ వాటర్ హీటర్ పొగగొట్టంలోంచి పొగ వెనక్కి ఇంట్లోకి వస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, ప్రాణాలకే ముప్పు. నా సలహా 350, 400 మధ్య హుడ్, పొయ్యి కంటే మూడు అంగుళాలు అటూ ఇటూ వెడల్పు ఉన్నది, తక్కువ ఎత్తులో. వెనక పొయ్యి మీద తాలింపు పెట్టండి, సగం పొగ అక్కడే దొరుకుతుంది. వాటర్ హీటర్ మాత్రం గాలి బయటి నుంచే తీసుకునే సీల్డ్ రకం పెట్టించండి.

డబ్బు తక్కువైతే దేన్ని వదులుకోవాలో కూడా చెప్తాను. బయటి రాక్‌వూల్ వదులుకోండి. ఫ్లాషింగ్, గాలి సీలు, స్మార్ట్ మెంబ్రేన్, ఈఆర్‌వీ, ఈ నాలుగూ వదలకండి. తలుపులో పెద్ద ఫ్యాన్ పెట్టి ఇంటి సందులు కొలిచే బ్లోవర్ డోర్ పరీక్ష డ్రైవాల్ వేయకముందు ఒకసారి చేయించండి. కోడ్‌కి 3 ఏసీహెచ్ (ఆ పరీక్షలో గంటకి ఇంటి గాలి ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క) చాలు, మీరు 1.5 అడగండి, ఒప్పందంలో రాయించండి. ఆ రోజు ఫ్యాన్ తిరుగుతుండగా అగరబత్తి పట్టుకుని రిమ్ జాయిస్ట్ (అంతస్తు అంచున ఉండే చెక్క దూలం) వెంట, ప్లగ్ పాయింట్ల దగ్గర నడవండి. పొగ ఎక్కడ వంకర తిరిగితే అక్కడ సీలెంట్ పెట్టించండి. తర్వాత ఆ సందులు మీకు కనిపించవు.

అన్నిటికంటే ముందు ఈ వారంలోనే చేయాల్సింది ఒకటుంది. ఫ్రేమింగ్ మీద పోయిన వారం వానలు పడ్డాయన్నారు. చెక్కలో తేమ కొలిచే నలభై డాలర్ల పిన్ మీటర్ కొని, అడుగు పట్టీల్లో ప్రతి గదికి రెండు చోట్ల గుచ్చి చూడండి, ఉత్తరం వైపు గోడలో ఇంకో రెండు చోట్ల. 19 శాతం లోపు ఉంటే ఇన్సులేషన్ వాళ్ళని రానివ్వండి. 22, 23 చూపిస్తే, బిల్డర్ తొందరపెట్టినా సరే వారం ఆపి, రెండు డీహ్యుమిడిఫయర్లు, నాలుగు ఫ్యాన్లు అద్దెకి తెచ్చి నడపమనండి. ఆ రీడింగులు గోడ మీద చాక్‌పీస్‌తో తేదీ వేసి రాసి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.